చీటీ మీది మాట, డబ్బాలోని మాంసం: ‘ది జంగిల్’ నవల నుంచి నేటి లేబుల్ నిబంధనల దాకా

వ్యాససంగ్రహం

శుద్ధిచేసి, నిల్వచేసి, పొట్లం కట్టి అమ్మే మాంసం విషయంలో కొనుగోలుదారుకు మిగిలే ఆధారం పొట్లం మీది రాత ఒక్కటే. ఆ రాత నిజాయతీగా ఉండాలన్న నియమం ఎలా పుట్టిందో, ఎక్కడెక్కడ విఫలమైందో ఈ వ్యాసం వివరిస్తుంది. అప్టన్ సింక్లెయిర్ రాసిన ‘ది జంగిల్’ నవల, దాని వెంట వచ్చిన 1906 నాటి అమెరికా చట్టాలు, 2013లో ఐరోపాలో బయటపడిన గుర్రపు మాంసం ఉదంతం, 2017–18లో దక్షిణాఫ్రికాలో ప్రబలిన లిస్టీరియా వ్యాధి ఇందులో ప్రధానాంశాలు. చివరి భాగం భారతీయ నిబంధనల్లో లేబుల్ భాషను గురించి చర్చించి, తెలుగు పాఠకుడికి సంబంధించిన ఒక లోటును ఎత్తిచూపుతుంది.

కీలక పదాలు: ఆహార భద్రత, లేబుల్, కల్తీ, మాంస పరిశ్రమ, ‘ది జంగిల్’, వినియోగదారు భాష.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట మాంసం కొనడం చాలాకాలం పాటు కంటితో చేసిన పని. ఆదివారం పొద్దున్నే కొట్టుకు వెళ్లిన మనిషి వేలాడుతున్న వేటను చూసి, అది మేకపోతో పొట్టేలో అడిగి, తొడ దగ్గరి ముక్క కావాలని చెప్పి, కళ్లెదుటే కొట్టించుకుని తెచ్చుకునేవాడు. ఆ పద్ధతిలో మోసానికి తావు లేదని చెప్పలేం. తూకంలో తేడా ఉండవచ్చు, నిన్నటి మాంసం ఈనాటిదిగా చెలామణి కావచ్చు. అయినా రంగు, వాసన, ఎముక, కొవ్వు కొనుగోలుదారు పరీక్షకు అందుబాటులో ఉండేవి. అనుమానం వస్తే అమ్మినవాడిని మరుసటి వారం నిలదీసే వీలూ ఉండేది.

సాసేజ్, సలామీ, నగ్గెట్స్, డబ్బాలో నిల్వచేసిన ఖీమా వంటివి ఈ పరీక్షకు లొంగవు. మాంసాన్ని యంత్రంలో మెత్తగా నూరి, ఉప్పు, పిండిపదార్థం, సోయా మాంసకృత్తులు, రంగు నిలిపే రసాయనాలు కలిపి ఒక ఆకారానికి తెచ్చిన తరువాత అది ఏ జంతువుదో, ఏ భాగానిదో, ఎప్పటిదో కన్ను చెప్పలేదు, నాలుక చెప్పలేదు. చూపు చేసిన పనిని ఇక్కడ చదువు చేయవలసి వస్తుంది. అందువల్ల లేబుల్‌ను అలంకారంగానో ప్రకటనగానో కాక, అమ్మేవాడు కొనేవాడికి రాసి ఇచ్చిన హామీపత్రంగా చూడాలి. ఆ హామీపత్రం ఎవరు రాస్తారు, ఎవరు సరిచూస్తారు, ఎవరు చదవగలుగుతారు అనే మూడు ప్రశ్నల చుట్టూ ఈ చరిత్ర నడిచింది.

2. ప్యాకింగ్‌టౌన్: నవల చూపిన లోకం

1904 చివర్లో అప్టన్ సింక్లెయిర్ చికాగో నగరంలోని మాంస పరిశ్రమ వాడలో సుమారు ఏడు వారాలు గడిపాడు. ప్యాకింగ్‌టౌన్‌గా పిలిచే ఆ వాడలోని కార్మికుల ఇళ్లలో, పని స్థలాల్లో తిరిగి సేకరించిన విషయాలతో ఆయన రాసిన నవల 1905 ఫిబ్రవరి నుంచి ‘అప్పీల్ టు రీజన్’ అనే సోషలిస్టు పత్రికలో ధారావాహికగా వెలువడింది. పుస్తకంగా ప్రచురించే ముందు డబుల్‌డే, పేజ్ సంస్థ తన మనుషులను చికాగోకు పంపి నవలలోని విషయాలను విచారించుకుంది. 1906 ఫిబ్రవరిలో పుస్తకం వచ్చింది.

నవలలో కథానాయకుడు యుర్గిస్ రుడ్కుస్ లిథువేనియా నుంచి వలస వచ్చిన యువకుడు. అతని కుటుంబంలోని ఒక్కొక్కరి పని ద్వారా పరిశ్రమలోని ఒక్కొక్క గది పాఠకుడికి తెరుచుకుంటుంది. తండ్రి ఆంటానాస్ మాంసాన్ని ఉప్పునీటిలో ఊరబెట్టే చోట నేల శుభ్రం చేస్తాడు. ఆ నీరు పోయే మార్గంలో చిక్కుకున్న మాంసపు తునకలను పారతో ఎత్తి తక్కిన మాంసంలోనే కలపడం అతని విధుల్లో ఒకటి. యుర్గిస్ భార్య ఓనాకు సవతి తల్లి అయిన ఎల్జ్‌బియెటా సాసేజ్ యంత్రం దగ్గర పనిచేస్తుంది. తిరస్కరణకు గురై ఐరోపా నుంచి తిరిగివచ్చిన, బూజు పట్టిన సాసేజ్‌కు బోరాక్స్, గ్లిసరిన్ పట్టించి మళ్లీ యంత్రంలో వేసి స్వదేశంలో అమ్మడం ఆ విభాగపు వివరాల్లో కనిపిస్తుంది.

లేబుల్ దృష్టితో చదివితే నవలలో మూడు అంశాలు ప్రత్యేకంగా నిలుస్తాయి. మొదటిది పేరు మార్పు. పలురకాల వ్యర్థభాగాలను కలిపి నూరిన ఒకే ముద్ద, వేర్వేరు డబ్బాల్లోకి చేరి కోడి అనీ, అడవిపిట్ట అనీ, హామ్ అనీ వేర్వేరు పేర్లు పొందుతుంది. రెండవది శ్రేణి మార్పు. చెడిన హామ్‌లకు మూడవ శ్రేణి అని పేరుండేది. చుట్టూ చెడు భాగం ఉండే ఎముకను తీసి, ఆ రంధ్రంలో కాల్చిన ఇనుమును దూర్చే ఉపాయం దొరికిన తరువాత అవన్నీ మొదటి శ్రేణి అయిపోయాయి. మూడవది ధర మార్పు. ఒకే గిన్నెలోంచి వచ్చిన సాసేజ్‌లో కొంతభాగానికి ప్రత్యేకమని ముద్ర వేసి పౌనుకు రెండు సెంట్లు అదనంగా వసూలు చేస్తారు. మాంసం మారకుండా మాట మారితే చాలు, విలువ మారుతుంది. ఈ సూత్రాన్ని సింక్లెయిర్ చాలా తేటగా పట్టుకున్నాడు.

ఎల్జ్‌బియెటా చిన్న కొడుకు క్రిస్టోఫోరాస్ మరణం ఈ సమాచారాన్నంతా ఒక ఇంటి దుఃఖంగా మారుస్తుంది. ఆ ఉదయం పిల్లవాడు తిన్న సాసేజ్‌లో, ఎగుమతికి పనికిరాదని తిరస్కరించిన క్షయరోగపు పంది మాంసం ఉండవచ్చునని కథకుడు అనుమానం వ్యక్తం చేసి ఊరుకుంటాడు. రుజువు చేయడు. రుజువు చేసే మార్గం ఆ కుటుంబానికీ లేదు. తయారుచేసిన చేతులే కొనుక్కుని తిన్నా, ఏం తిన్నదీ తెలియని స్థితి అది.

3. చదవలేని పత్రం

ఈ నవలను ఆహార కల్తీ గురించిన రచనగా మాత్రమే చదివినవారు దాటిపోయే ఘట్టం ఒకటుంది. యుర్గిస్ కుటుంబం వాయిదాల మీద ఇల్లు కొంటుంది. ఒప్పందపత్రం ఇంగ్లీషులో ఉంటుంది. అందులో అద్దె అనే మాట కనిపించి వాళ్లు బెదిరిపోతారు. న్యాయవాది భరోసా ఇచ్చిన మీదట సంతకం చేస్తారు. కొంతకాలానికి, అదే వాడలో చాలా ఏళ్లుగా ఉంటున్న ముసలమ్మ ఒకామె ఆ పత్రంలో వడ్డీ ప్రస్తావన ఉందని చెబుతుంది. పత్రం తెచ్చి చదివించి చూస్తే నిజమే. వడ్డీ విషయం ఎవరూ దాచలేదు, పత్రంలోనే ఉంది. అయితే అది వారి భాషలో లేదు, వారికి అర్థమయ్యే తీరులో లేదు.

ఇల్లు కొన్న పత్రానికీ సాసేజ్ పొట్లానికీ మధ్య పోలికను సింక్లెయిర్ నేరుగా చెప్పలేదు. కాని నవల నిర్మాణంలో రెండూ ఒకే పని చేస్తాయి. సమాచారం అచ్చులో ఉండటం వేరు, కొన్నవాడికి అందటం వేరు. లేబుల్ చట్టాలను బేరీజు వేయడానికి ఈ తేడా ముఖ్యమైన కొలబద్ద.

4. 1906 చట్టాలు: సాధించినవి, వదిలేసినవి

ఆహార చట్టాల కోసం అమెరికాలో జరిగిన పోరాటం సింక్లెయిర్‌తో మొదలుకాలేదు. 1898 నాటి స్పెయిన్ యుద్ధంలో సైనికులకు పంపిన డబ్బా మాంసం మీద తీవ్రమైన ఆరోపణలు వచ్చాయి. వ్యవసాయ శాఖలోని ప్రధాన రసాయనవేత్త హార్వే వైలీ 1902 నుంచి యువ స్వచ్ఛంద సేవకులకు బోరాక్స్ మొదలైన నిల్వ రసాయనాలు కలిపిన భోజనం పెట్టి, వారి ఆరోగ్యాన్ని పరిశీలించాడు. పత్రికలు ఆ బృందానికి విషదళమని పేరు పెట్టాయి. ఇంత జరిగినా బిల్లులు చట్టసభల్లో ఏళ్ల తరబడి నిలిచిపోయాయి. నవల ఆ ప్రతిష్టంభనను కదిలించింది.

అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కార్మిక కమిషనర్ చార్లెస్ నీల్‌ను, జేమ్స్ రేనాల్డ్స్‌ను చికాగోకు పంపాడు. వారి నివేదిక 1906 జూన్‌లో చట్టసభకు చేరింది. మురికి చెక్కనేల మీది మాంసాన్ని పారలతో ఎత్తడం, కడగని బల్లల మీద గుట్టలు పోయడం, కుళ్లిన పెట్టెబళ్లలో గది నుంచి గదికి తోయడం వారు కళ్లారా చూశారు. కార్మికులు కొవ్వు తొట్లలో పడి కలిసిపోయారన్న నవలలోని దారుణమైన ఆరోపణను మాత్రం దర్యాప్తు ధ్రువీకరించలేదు.

నివేదికలో లేబుల్‌కు సంబంధించిన పరిశీలన ఈ చర్చకు అత్యంత కీలకమైనది. అప్పటికి అమలులో ఉన్న ప్రభుత్వ తనిఖీ జంతువును వధించే సమయానికే పరిమితం. ఆ తరువాత మాంసం ముక్కలై, ఊరబెట్టబడి, నూరబడి, డబ్బాల్లోకి చేరే దశల్లో తనిఖీదారు ఉండడు. అయినా డబ్బా మీది లేబుల్ చట్టప్రకారం తనిఖీ అయిన సరుకు అని చెప్పుకునేది. జంతువు వరకు ఆ మాట నిజమే. డబ్బాలోని పదార్థానికి వర్తించదు. అక్షరాలా సత్యమైన వాక్యం చదివినవాడిని అసత్యానికి చేర్చిన సందర్భమిది. మోసపు లేబుల్ ఎప్పుడూ అబద్ధపు లేబులే కానక్కరలేదని ఈ ఉదాహరణ నేర్పుతుంది.

1906 జూన్ 30న మాంస తనిఖీ చట్టం, శుద్ధ ఆహార ఔషధ చట్టం రెండింటి మీదా రూజ్‌వెల్ట్ సంతకం చేశాడు. వధకు ముందూ తరువాతా పరీక్ష, తయారీ దశల్లో తనిఖీ, పారిశుద్ధ్య ప్రమాణాలు, మాంసోత్పత్తులకు తప్పుడు పేర్ల నిషేధం వాటివల్ల వచ్చాయి. రెండు అంశాలు మాత్రం రాజీలో మార్పుకు లోనయ్యాయి. తనిఖీ ఖర్చు కంపెనీలే భరించాలన్న ప్రతిపాదన పోయి, ఏడాదికి 30 లక్షల డాలర్లు ప్రభుత్వ ఖజానా నుంచి కేటాయించే ఏర్పాటు జరిగింది. డబ్బా మీద తయారీ తేదీ ముద్రించాలన్న నిబంధనను తొలగించారు. పేరు చెప్పడానికి ఒప్పుకున్న పరిశ్రమ వయసు చెప్పడానికి ఒప్పుకోలేదు.

సింక్లెయిర్‌కు ఈ ఫలితం పూర్తి తృప్తినివ్వలేదు. కార్మికుల బతుకు మార్చాలని రాసిన నవల పాఠకుల భోజనం గురించిన భయాన్ని మాత్రమే రేపిందని ఆయన బాధపడ్డాడు. యంత్రాల్లో వేళ్లు పోగొట్టుకునేవారికీ, చలిగదుల్లో రోగాలపాలయ్యేవారికీ ఆ చట్టాలు చేసిందేమీ లేదు. రాష్ట్రాల లోపల మాత్రమే అమ్ముడయ్యే మాంసానికి సమాన ప్రమాణాలు రావడానికి 1967 దాకా ఆగవలసి వచ్చింది. ఆ చట్టం మీద లిండన్ జాన్సన్ సంతకం చేస్తున్నప్పుడు వృద్ధుడైన సింక్లెయిర్ ఆహ్వానితుడిగా హాజరయ్యాడు.

5. రెండు ఇటీవలి ఉదంతాలు

నూరు సంవత్సరాల చట్టనిర్మాణం తరువాత కూడా పేరు మార్పు ఆగలేదు. 2013 జనవరి 15న ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థ తన పరీక్షల ఫలితాలను వెల్లడించింది. పరీక్షించిన 27 బీఫ్ బర్గర్లలో 10 నమూనాల్లో గుర్రపు డీఎన్ఏ, 23 నమూనాల్లో పంది డీఎన్ఏ కనిపించాయి. ఒక నమూనాలో గుర్రపు మాంసం, బీఫ్‌తో పోల్చితే 29 శాతం మేర ఉన్నట్లు తేలింది. తరువాతి వారాల్లో ఈ వ్యవహారం అనేక ఐరోపా దేశాలకు విస్తరించింది. ఒక దేశంలో కోసిన మాంసం దళారుల చేతులు మారుతూ మరో దేశంలో ఖీమాగా మారి, మూడో దేశంలో భోజన పొట్లమై, నాలుగో దేశంలో అమ్ముడయ్యే గొలుసులో ప్రతి ఒక్కరూ ముందువాడి కాగితాన్ని నమ్మారు. మాంసాన్ని ఎవరూ పరీక్షించలేదు.

గుర్రపు మాంసం తినడం స్వతహాగా ప్రమాదం కాదని, అందువల్ల ఇది లేబుల్ సమస్యే తప్ప భద్రతా సమస్య కాదని అప్పట్లో వాదన వినిపించింది. అందులో కొంత నిజముంది. కాని గుర్రాలకు వాడే ఫినైల్‌బ్యుటజోన్ అనే నొప్పినివారణ మందు ఆహార జంతువుల్లో నిషిద్ధం. ఏ జంతువో తెలియనప్పుడు దానికి ఏ మందులు ఇచ్చారో కూడా తెలియదు. పైగా పంది మాంసం తినని మతాచారాలు కలవారికి ఆ పరీక్షాఫలితాలు ఆరోగ్యంకంటే లోతైన చోట తగిలాయి. లేబుల్ అబద్ధమాడితే మనిషి తన నియమాన్ని తానే తెలియక ఉల్లంఘించేలా చేస్తుంది. ఆ నష్టాన్ని ఏ ప్రయోగశాలా కొలవలేదు.

దక్షిణాఫ్రికా ఉదంతం ఇందుకు భిన్నమైనది. 2017–18లో అక్కడ 1,060 మందికి లిస్టీరియా వ్యాధి నిర్ధారణ కాగా 200 మందికి పైగా మరణించారు. ప్రపంచంలో నమోదైన వాటిలో ఇదే అతిపెద్ద లిస్టీరియా ప్రబలతగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంది. మృతుల్లో పసికందుల సంఖ్య ఎక్కువ. గర్భవతులకు సోకితే ఆ సూక్ష్మజీవి గర్భస్థ శిశువును చేరుతుంది. పోలనీ అనే చవకైన సాసేజ్ వంటి పదార్థం దీనికి మూలమని 2018 మార్చిలో ఆ దేశ ఆరోగ్య మంత్రి ప్రకటించారు. లిస్టీరియా శీతల పెట్టెలోని చలిలోనూ పెరుగుతుంది. పోలనీని మళ్లీ వండకుండానే తింటారు. ఇక్కడ పొట్లం మీది పేరు సరైనదే కావచ్చు, పదార్థాల జాబితా సరైనదే కావచ్చు. తయారీ స్థలంలోని కాలుష్యాన్ని లేబుల్ చెప్పలేదు.

ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచితే లేబుల్ పరిమితి స్పష్టమవుతుంది. సత్యమైన లేబుల్ భద్రతకు అవసరం, కాని అదొక్కటే సరిపోదు. దాని వెనుక తనిఖీ, పరీక్ష, సరుకును వెనక్కు రప్పించే ఏర్పాటు ఉండాలి. ప్రమాదకరమైన సరుకును వెనక్కు రప్పించాలన్నా ఏ పొట్లం ఏ కర్మాగారంలో ఏ రోజున తయారైందో చెప్పే సంఖ్య లేబుల్ మీదే ఉండాలి. 1906లో పరిశ్రమ నిరాకరించిన తేదీ విలువ ఇక్కడ తెలుస్తుంది.

6. భారతీయ నిబంధనలు, తెలుగు పాఠకుడు

భారతదేశంలో 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం, 1973 నాటి మాంసాహార ఉత్పత్తుల ఉత్తర్వు మొదలైన వాటి స్థానంలో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. అది 2011 ఆగస్టు 5 నుంచి అమలులో ఉంది. ఈ చట్టం సురక్షితం కాని ఆహారం, నాసిరకం ఆహారం, తప్పుడు లేబుల్ గల ఆహారం అని మూడు వేర్వేరు నిర్వచనాలు ఇస్తుంది. తప్పుడు లేబుల్‌కు 3 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. లేబుల్ ఎలా ఉండాలో 2020 నాటి నిబంధనలు చెబుతాయి. పదార్థాల జాబితా, పోషక విలువలు, బ్యాచ్ సంఖ్య, తయారీ తేదీ, గడువు తేదీ, మాంసాహారమని తెలిపే గోధుమరంగు త్రికోణపు గుర్తు ఇందులో భాగం. ఇవన్నీ ప్యాకింగ్‌టౌన్ వాసులకు దక్కని హక్కులు.

లేబుల్ మీది వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలోని హిందీలో గాని ఉండాలన్నది ఆ నిబంధనల్లో ఒకటి. వాటికి అదనంగా మరే భాషనైనా వాడుకోవచ్చు, అయితే ఆ సమాచారం మొదటిదానికి విరుద్ధంగా ఉండకూడదు. అంటే తెలుగులో రాయడానికి చట్టం అడ్డు చెప్పదు, రాయమని అడగదు. ఫలితంగా తెలుగు మాత్రమే చదవగలిగిన గృహిణికి శీతల పెట్టెలోని కబాబ్ పొట్లం మీద గోధుమరంగు గుర్తు ఒక్కటే చదవదగిన అక్షరం. యుర్గిస్ కుటుంబం చేతిలోని ఇంటిపత్రం ఇక్కడ గుర్తుకు రాక మానదు.

ఇంగ్లీషు వచ్చినంత మాత్రాన ఈ చిక్కు తీరదు. సాసేజ్ పొట్లం మీద నిల్వపదార్థం పక్కన 250 అనే అంకె కనిపిస్తుంది. అది సోడియం నైట్రైట్. మాంసానికి గులాబీరంగు నిలపడం, ప్రాణాంతకమైన బొటులిజం సూక్ష్మజీవిని అదుపుచేయడం దాని పని. నిల్వచేసిన మాంసాన్ని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 2015లో కాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజుకు 50 గ్రాముల వంతున తింటే పెద్దప్రేగు కాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని అంచనా వేసింది. నైట్రైట్ అవసరమూ, పరిమితమూ అయిన రసాయనం. అయినా దాన్ని ఎంత తినాలో నిర్ణయించుకునేవాడికి 250 అనే అంకె ఏ సమాచారమూ ఇవ్వదు.

పేర్ల విషయంలో తెలుగు వాడుక అదనపు సమస్యను తెస్తుంది. మటన్ అనే మాట విదేశాల్లో సాధారణంగా గొర్రె మాంసాన్ని సూచిస్తుంది. తెలుగునాట మేక, గొర్రె రెండింటికీ అదే మాట. కోస్తా ప్రాంతంలో వేటమాంసం అనే మాట కూడా రెండింటినీ కలుపుకునే వాడుకే. కొట్టు దగ్గర అయితే కొనేవాడు పోతా, పొట్టేలా అని అడిగి తేల్చుకుంటాడు. పొట్లాన్ని అడగలేడు. ఈ తేడాను ప్రయోగశాల తేల్చగలదు. హైదరాబాదు సమీపంలోని చెంగిచెర్లలో ఉన్న జాతీయ మాంస పరిశోధన సంస్థ డీఎన్ఏ ఆధారంగా మాంసం ఏ జంతువుదో గుర్తించే పద్ధతుల మీద పనిచేసింది. కాని పరీక్ష తేల్చిన తేడాకు లేబుల్ మీద తగిన మాట ఉన్నప్పుడే అది కొనేవాడికి ఉపయోగపడుతుంది.

తెలుగువారి సొంత నిల్వమాంసం ఊరగాయ. కోడి, మేక, రొయ్యల పచ్చళ్లు ఇళ్లలో తయారై, బంధువుల ద్వారా, కొట్ల ద్వారా దూరప్రాంతాలకు చేరుతున్నాయి. ఇంట్లో తినే పచ్చడికి చేసినవారి చెయ్యే లేబుల్. అమ్మకానికి పెట్టిన క్షణం నుంచి ఆ నమ్మకాన్ని అక్షరంలోకి మార్చవలసి ఉంటుంది. చిన్న తయారీదారులు సైతం ఆహార భద్రతా ప్రాధికార సంస్థ వద్ద నమోదు చేసుకోవాలి. వాడిన నూనె, తయారీ తేదీ, గడువు రాయడం వీరికి అదనపు భారంగా తోచవచ్చు. కాని తేమ మిగిలిన మాంసపు పచ్చడి ఎన్నాళ్లు నిలుస్తుందో తయారుచేసినవారికే తెలుసు. తెలిసినది చెప్పడమే నిజాయతీ.

7. ముగింపు

ప్యాకింగ్‌టౌన్ నుంచి చెంగిచెర్ల దాకా సాగిన ఈ పరిశీలనలో మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, నిజాయతీ గల లేబుల్ పరిశ్రమ తనంతట తాను ఇచ్చిన కానుక కాదు. ప్రజల ఆగ్రహం, శాస్త్రవేత్తల ఓపిక, ఒక నవల కలిసి దాన్ని సాధించాయి. రెండు, లేబుల్‌లో అబద్ధం లేకపోవడం నిజం చేరడంతో సమానం కాదు. తనిఖీ ముద్ర, శ్రేణి, రసాయనపు అంకె అన్నీ అక్షరాలా సత్యమై ఉండి కూడా చదువరిని చీకట్లో ఉంచగలవు. మూడు, చదవలేని భాషలోని హామీ హామీ కాదు.

ఈ మూడవ అంశం తెలుగు అధ్యయన రంగానికి నేరుగా పని అప్పగిస్తున్నది. ‘ఈ తేదీలోగా వాడాలి’, ‘ఈ తేదీ వరకు నాణ్యంగా ఉంటుంది’ అనే రెండు గడువుల మధ్య తేడాను, మేక, గొర్రె మాంసాల మధ్య తేడాను, నిల్వపదార్థాల పేర్లను అందరికీ అర్థమయ్యే తేటతెలుగు మాటల్లో స్థిరపరచడం భాషాశాస్త్రజ్ఞులు, ఆహార శాస్త్రజ్ఞులు కలిసి చేయదగిన పరిశోధన. చట్టం తలుపు మూయలేదు. ఆ తలుపు గుండా వెళ్లవలసిన మాటలను సిద్ధం చేయడం మిగిలి ఉంది. యుర్గిస్ ఇంట పత్రం చదివించి చూసే సమయానికి సంతకం అయిపోయింది. మాంసపు పొట్లం విషయంలో చదవడం తినడానికి ముందే జరగాలి.